పన్నెండంతస్తుల గొయ్యి

"నాగసుబ్బయ్యను చంపాల్సిన అవసరం నాకేముంది మేడం? ఆయన బతికుంటేనే నాకు లాభం."

తేజేశ్వర్ ఆ మాట అంటుండగానే రేకుల గది మీద రాయి పడింది. గోడకు తగిలించిన హోటలు బొమ్మ ఒక పక్కకు ఒరిగింది. అతను ఉలిక్కిపడి లేచి, మళ్ళీ కూర్చున్నాడు. శ్రీవాణి తల కూడా తిప్పలేదు. పొద్దున్నుంచీ పడుతున్న రాళ్ళే అవి.

వేస్తున్నది మిల్లు వీధి జనం. కర్నూలులో మూతపడ్డ పత్తి మిల్లు స్థలం కొని తేజేశ్వర్ పన్నెండంతస్తుల హోటలు కడతాననగానే ఆ వీధంతా ఒక్కటై అడ్డం పడింది. పునాది గొయ్యి లోతుకు పోయేకొద్దీ చుట్టుపక్కల బోర్లు ఎండిపోయాయి, గోడలు పగిలాయి. ఏడు నెలలుగా ఆ పోరాటాన్ని ముందుండి నడిపిన స్టీలు సామాన్ల వ్యాపారి నాగసుబ్బయ్య శనివారం తెల్లవారేసరికి అదే గోతిలో శవమై కనిపించాడు. ఇవాళ సోమవారం. హోటలువాడే చంపాడని వీధి ఎప్పుడో తీర్పు చెప్పేసింది. ఆ తీర్పుకు రుజువు తెచ్చిపెట్టమని నాగసుబ్బయ్య ఒక్కగానొక్క కూతురు హరిత, కడపలో డిటెక్టివ్ ఆఫీసు నడుపుతున్న శ్రీవాణిని పిలిపించింది.

శ్రీవాణి ఒకప్పుడు ఎస్సైగా పనిచేసి ఉద్యోగం వదిలేసిన మనిషి. ఎదుటివాడు చెప్పే మాట కంటే మింగేసే మాట మీద ఆమెకు చెవి ఎక్కువ.

"బతికుంటే లాభమా? మీ లారీల ముందు పడుకున్నది ఆయనే. కోర్టుకు పోయిందీ ఆయనే."

"అందుకే మాట్లాడుకుంటే ఆయనతోనే మాట్లాడుకోవాలనుకున్నా." తేజేశ్వర్ గొంతు తగ్గించాడు. "ఈ మాట ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. అన్నా నమ్మరు. పోయిన గురువారం మంత్రాలయంలో మేమిద్దరం కలిసినాం. మఠంలో రాయరి స్వామి సన్నిధిలో కూర్చుని తేల్చుకున్నాం."

"ఏం తేల్చుకున్నారు?"

"పన్నెండంతస్తులు వద్దు, ఐదు చాలన్నాడు. కార్లు పెట్టుకునేదానికి భూమిలోపల అంతస్తు తవ్వకూడదన్నాడు. ఈ గొయ్యి పూడ్చమన్నాడు. నేనూ ఆలోచన చేసినా. కోర్టుల చుట్టూ తిరిగితే దుడ్లూ పోతాయి, వయసూ పోతాది. సరేనన్నా. ఆదివారం మీటింగులో ఆయన నోటితోనే వీధికి చెప్పాల. శనివారమే పోయినాడు."

"సాక్షి?"

"రాయరే." తేజేశ్వర్ ఏడవలేక నవ్వాడు. "ఆ సాక్షిని స్టేషనుకు పిలిపించలేరని నాకూ తెలుసు మేడం."

శ్రీవాణి అతని మొహం వైపు చూసింది. అబద్ధం ఆడదలుచుకున్నవాడు ఇంతకన్నా పనికొచ్చే సాక్షిని తెచ్చుకుని ఉండేవాడు.

"పన్నెండు ఐదైతే మీకు పోయేదేంటి, మిగిలేదేంటి?"

"గదులు పోతాయి. అయితే ఖర్చూ తగ్గుతాది. పన్నెండంతస్తులు లేపాలంటే ఫైరింజను చుట్టూ తిరిగేంత జాగా చూపించాల. దానికోసం వెనక వరస నాలుగిండ్లు ఎంతకైనా కొనాల్సి వస్తాదని నా భయం. ఐదుకైతే ఆ ఇండ్లతో నాకు పనే లేదు."

"ఈ ఒప్పందం ఇంకెవరికి తెలుసు?"

"నా వైపు ఎవరికీ తెలీదు. ఆయన ఇంట్లో చెప్పుకున్నాడేమో."

శ్రీవాణి లేచింది. గుమ్మం దాటుతుంటే అతను వెనక నుంచి అడిగాడు. "మీరు వాళ్ళ మనిషి కదా? నేను చెప్పింది నమ్మినారా?"

"నేను ఎవరి మనిషినీ కాదు. గొయ్యి ఏం చెప్తాదో చూసి వస్తా."

గొయ్యి ముప్పై అడుగుల లోతుంటుంది. పైన నల్లరేగడి, కింద గరుసు, అడుగున రాయి. మోకాటి లోతు నీళ్ళు. శవం ఉన్న చోట కొయ్య పాతి పోలీసులు ఎర్రగుడ్డ కట్టారు. శ్రీవాణి ఆ గుడ్డను చూసి, తల ఎత్తి రోడ్డు వైపు చూసి, మళ్ళీ గుడ్డను చూసింది. రెంటికీ మధ్య గొయ్యి మొత్తం ఉంది.

"కడప నుంచి కర్నూలు దాకా గుంతలు చూసేదానికి వచ్చినావా తల్లీ?"

ఆ గొంతు ఆమెకు బాగా తెలుసు. సీఐ ఉమామహేశ్. ఎర్రగుంట్లలో ఇద్దరూ ఒకే స్టేషన్లో ఎస్సైలుగా ఉన్నప్పుడు, ఏ కేసు ఎవరు ముందు తేలుస్తారా అని కానిస్టేబుళ్ళు టీ పందేలు కాసేవాళ్ళు. ఆమె వదిలేసింది. అతను సీఐ అయ్యాడు. పోటీ మాత్రం అక్కడే ఆగిపోయి ఉంది.

"నువ్వు చూడకుండా వదిలేసిన గుంత కదా, ఒకసారి చూద్దామని" అంది శ్రీవాణి.

"చూసేదేముంది? తెల్లవారుజామున మాట్లాడాలని హోటలాయన పిలిచినాడు. ఈ రేకుల కంచె సందులోంచి నాగసుబ్బయ్య లోపలికి వచ్చినాడు. మాటామాటా పెరిగింది. తోసినాడు. రాయికి తల తగిలి చచ్చినాడు. చెప్పులు ఇదిగో, ఈ అంచు మీదనే దొరికినాయి. ఇంకేం కావాల?"

"చెప్పులు విడిచిపెట్టి కొట్లాటకు పోయినాడా? గుడికి పోతాండాననుకున్నాడా?"

ఉమామహేశ్ మొహం బిగుసుకుంది. "జారిపోయుంటాయి."

"రెండూ జారి, పక్కపక్కన సర్దుకున్నాయా? సరే, అదీ వదిలేయ్. ఈ అంచు మీద నుంచి తోస్తే మనిషి ఈ గోడకే రాసుకుంటా పడాల. శవం ఆ చివర పడుండాది. నాగసుబ్బయ్యకు రెక్కలున్నాయా?"

"నీళ్ళలో కొట్టుకోని పోయుంటాడు."

"మోకాటి లోతు నీళ్ళలో, ప్రవాహం లేని గుంతలో?"

గేటు అవతల నినాదాలు మళ్ళీ లేచాయి. ఎవరో మైకు సరిచేస్తున్నారు. ఉమామహేశ్ ఒకసారి అటు చూసి, దగ్గరకు వచ్చి, పళ్ళు బిగించి మాట్లాడాడు.

"విను శ్రీవాణీ. సాయంత్రం ఐదు గంటలకు వీధంతా రాజ్‌విహార్ సెంటర్లో కూర్చుంటాది. తండ్రిని పోగొట్టుకున్న బిడ్డ మైకు పట్టుకుంటాది. ఆ తర్వాత ఏ బస్సు అద్దం మిగులుతాదో నేను చెప్పలేను. అంతలోపల నాకో మనిషి కావాల."

"మనిషి కావాలా, హంతకుడు కావాలా?"

"నీకేమమ్మా, జీతమిచ్చిన వాళ్ళకు జవాబు చెప్తే చాలు. నేను ఊరికి చెప్పాల. తేజేశ్వర్‌ను ఇప్పుడే తీసుకోని పోతాండా. నువ్వు ఇంకోసారి ఈ గేటు దాటి లోపలికొస్తే నిన్నూ జీపెక్కిస్తా."

"గేటు దాటను" అంది శ్రీవాణి. "నాకు కావాల్సింది గేటుకు ఇవతల లేదు."

శవం పడిన చివరన గొయ్యి ఒక ఇంటి వెనక గోడను ఒరుసుకుంటూ నిలువునా దిగింది. గోడకూ గోతికీ మధ్య పిల్లి నడిచే చోటు కూడా లేదు. అక్కడ నిలబడి ఎవరూ పడరు. గోడ అవతలి నుంచి రావాల్సిందే.

రోడ్డు మీదికి రాగానే ఆమె హరితకు ఫోన్ చేసింది. గొంతు పూర్తిగా జీరపోయి ఉంది ఆ అమ్మాయికి.

"హరితా, నువ్వు సాయంత్రం మైకు పట్టుకునేముందు నాతో మాట్లాడాల. మీ నాయన రోడ్డు వైపు నుంచి పడలేదు. గోతి వెనక ఇల్లు ఎవరిది?"

"కృష్ణవేణమ్మత్తది అక్కా. గోడలు పగిలినాక భయపడి కడపలో కూతురింటికి పోయింది. తాళంచెవి కమిటీ సెక్రెటరీ ఓబుళేశు మామ దగ్గరుంటాది. ఏమైందక్కా?"

"ఇంకా తెలీదు. మీ నాయన హోటలాయనతో రాజీకి వచ్చినాడని నీకు తెలుసా?"

"రాజీనా? మా నాయనా?" అంది హరిత. తర్వాత నెమ్మదిగా, "శుక్రవారం భోంచేస్తా, ఆదివారం ఒక మంచి మాట చెప్తా పాపా అన్నాడు. ఇదేనేమో... అయితే హోటలాయన ఎందుకు చంపుతాడక్కా?"

"నేనూ అదే అడుగుతాండా."

"ఉండక్కా, మా ఆయన పక్కనే ఉండాడు, ఆయనకీ చెప్తా" అని హరిత ఫోన్ పెట్టేసింది.

ఓబుళేశు వీధిలోకి తిరిగొచ్చేదాకా శ్రీవాణి గంటకు పైగా కాచుకోవాల్సి వచ్చింది. వచ్చి, వీధి మధ్యలో శామియానా కింద కుర్చీలు వేయిస్తున్నాడు. పొలాలు కౌలుకిచ్చి టౌనుకు వచ్చి స్థిరపడ్డ పెద్ద రైతు. మీసం తెల్లబడ్డా గొంతు తగ్గలేదు. శ్రీవాణి తాళంచెవి అడగ్గానే ఆ గొంతు మెట్టు దిగింది.

"ఆ ఇంట్లో ఏముండాదమ్మా? పడిపోయే కొంప. రేపు చూద్దువులే."

"ఇప్పుడే చూడాల పెద్దాయనా. తాళంచెవి మీ దగ్గర లేదా?"

"యాడో పెట్టినా. ఎతకాల."

"ఎతకొద్దు. సందులోంచి పోదాం రండి."

గోడ బీట తీసినప్పుడు సందువైపు తలుపు చౌకట్టు వంకరపోయి గడియ పడటం మానేసింది. శ్రీవాణి భుజంతో నెడితే తెరుచుకుంది. ఓబుళేశు గొణుగుతూనే వెనక వచ్చాడు.

పెరడంతా గోతి దుమ్ము. తులసికోట మీద, ఆరవేసి తీయడం మరిచిపోయిన చాప మీద, కరివేపాకు చెట్టు ఆకు ఆకు మీద బూడిదరంగు పొర. బోరు గొట్టం మూతికి గుడ్డ కుక్కి ఉంది. నీళ్ళు పోయి మూడు నెలలైందని వీధిలో పిల్లల్నడిగినా చెప్తారు. అంత దుమ్ములో ఒక్కటే తళతళలాడుతోంది. గోడ పక్కనున్న బట్టలుతికే బండ.

శ్రీవాణి దాని ముందు కూర్చుంది. కడిగారు. చీపురుతో రుద్ది రుద్ది కడిగారు. కడిగిన నీళ్ళు కిందికి జారి మట్టిలో కట్టిన చార ఇంకా గట్టిగా, పొలుసులుగా ఉంది. ఆ చార వట్టి మట్టిరంగులో లేదు, ఎండిన నెత్తురు రంగు తిరిగింది.

"ఓబుళేశుగారూ, బిందె నీళ్ళ కోసం ట్యాంకరు దగ్గర కొట్టుకునే వీధి ఇది. ఎవరూ కాపురం లేని ఇంట్లో బండ ఎవరు కడిగినారు?"

ఓబుళేశు కరివేపాకు చెట్టు వైపు తిరిగి నిలబడ్డాడు.

ఆమె బండ మీదికెక్కింది. గోడ ఇప్పుడు నడుము దాకా కూడా లేదు. పైన దొంగలకోసం గుచ్చిన సీసాపెంకులు ఒక బారెడు మేర రాయితో కొట్టి నలగ్గొట్టి ఉన్నాయి. వాటి మీద గోనెపట్ట పరిచినట్టున్నారు, పీచు ఇరుక్కుపోయింది. చివరి పెంకుకు వేలెడంత తెల్లటి పంచె అంచు వేలాడుతోంది. వంగి అవతలికి చూసింది. సరిగ్గా కింద, నీళ్ళలో, ఎర్రగుడ్డ.

"ఈడికొచ్చి చూడండి" అంది.

ఓబుళేశు బండ దాకా వచ్చాడు గాని ఎక్కలేదు. చూడకుండానే చూసినవాడిలా చెమటలు పట్టాయి. "మాయప్ప! నాగసుబ్బయ్యను ఈడ్నుంచి..." అని ఆగి, ఉన్నట్టుండి కోపం తెచ్చుకున్నాడు. "అయినా ఇదేం ఘోరమమ్మా! ఐదంతస్తులకు దిగొచ్చినాడని మనిషిని చంపుతారా యాడైనా?"

శ్రీవాణి బండ దిగింది. తొందరపడలేదు.

"ఐదని మీకెవరు చెప్పినారు?"

"ఏంది?"

"రాజీ సంగతి నేను మీతో అనలేదు. ఎన్ని అంతస్తులో అసలే అనలేదు. అది గురువారం మంత్రాలయంలో ఇద్దరు మనుషులు అనుకున్న మాట. అందులో ఒకాయన కాటికి పోయినాడు. రెండో ఆయన ఇప్పుడు పోలీసుల చేతిలో ఉండాడు. ఐదని మీకెట్లా తెలుసు?"

ఓబుళేశు అరుగు మీద కూలబడ్డాడు. ఇందాకటి గంభీరమైన గొంతు ఎక్కడికో పోయింది.

"నేను చంపలేదమ్మా. మా ఇంటి దేవుని మీద ఒట్టు."

"చంపినారని నేననలేదు. చెప్పింది ఎవరు?"

"సుధీరు."

"ఏ సుధీరు?"

"ఇంకే సుధీరమ్మా! నాగసుబ్బయ్య అల్లుడు. హరిత మొగుడు." ఓబుళేశు కండువాతో మొహం తుడుచుకున్నాడు. "శుక్రవారం సాయంత్రం మా ఇంటికొచ్చినాడు. మా మామ వీధినంతా అమ్మేసినాడు, ఐదంతస్తులకు ఒప్పుకున్నాడు, నాతో తనే చెప్పినాడు అన్న్యాడు. నాకూ మండింది. ఏడు నెలలు ఎండలో కూర్చుంది దీనికేనా అనుకున్నా. పొద్దున వీధి లేవకముందే మామను కృష్ణవేణమ్మ ఇంటికి పిల్చుకోని పోయి పగుళ్ళు చూపిస్తా, మనసు మారుస్తా అన్న్యాడు. మంచిదే కదప్పా, పో అని నేనే అంటి."

"తాళంచెవి ఇచ్చినారా?"

"నేనిచ్చేదేంది? ఇల్లే అతనిది."

శ్రీవాణి తిరిగి ఆ ఇంటి వైపు చూసింది. "కృష్ణవేణమ్మ ఇల్లు?"

"అమ్మేసింది. అతను కొన్నాడు. ఇదొక్కటే కాదు, ఈ వరస నాలుగూ కొన్నాడు. జనం భయపడి ఎంతొస్తే అంతకు అమ్ముకుంటా ఉంటే, పడిపోయే ఇండ్లు కొని ఆదుకుంటాడే, ఎంత మంచి పిల్లోడు అనుకున్నా. మామకు తెలిస్తే నొచ్చుకుంటాడు, బయటికి చెప్పొద్దు మామా అంటే నోరు మూసుకున్నా. నేనే దగ్గరుండి మాట్లాడించినానమ్మా ఆ బేరాలు."

వెనక వరస నాలుగిళ్ళు. పన్నెండంతస్తులైతే తేజేశ్వర్ ఎంతకైనా కొనక తప్పని ఇళ్ళు. ఐదంతస్తులైతే ఎవరూ కన్నెత్తి చూడని మట్టిగోడలు. మామ పగలంతా హోటలు వద్దని అరుస్తుంటే, అల్లుడు ఆ భయాన్నే పెట్టుబడిగా పెట్టి ఇళ్ళు పోగేసుకున్నాడు. గురువారం మంత్రాలయంలో మామ అన్న ఒక్క మాటతో అదంతా మన్నయింది.

"శవం దొరికినాక కూడా ఎందుకు చెప్పలేదు?"

"హోటలోడే చంపినాడని వీధంతా అంటాంటే నేనూ అదే అన్నా. నమ్మినానో, నమ్మాలనుకున్నానో ఇప్పుడడిగితే చెప్పలేనమ్మా." ఓబుళేశు మొహం చేతుల్లో దాచుకున్నాడు. "మేమిద్దరం చిన్నప్పట్నుంచి స్నేహితులం."

శ్రీవాణికి ఆ ఏడుపు వినే తీరిక లేదు. ఇందాక ఫోన్లో హరిత అన్న చివరి మాట చెవిలో గింగురుమంటోంది. మా ఆయన పక్కనే ఉండాడు, ఆయనకీ చెప్తా.

ఆమె సందులోంచి పరుగెత్తింది.

నాగసుబ్బయ్య ఇంటి వాకిట్లో చెప్పులు నిండా ఉన్నాయి గాని హరిత చెప్పులు లేవు. చుట్టాల మధ్య కూర్చున్న నాగసుబ్బయ్య భార్య రాజ్యలక్ష్మమ్మ ఆమెను చూసి లేవబోయింది.

"హరిత యాడమ్మా?"

"మంత్రాలయం పోయినారు తల్లీ. వాళ్ళ నాయన అస్థికలు రాయరి దగ్గర తుంగభద్రలో కలపాలని అల్లుడు ఉన్నట్టుండి బయల్దేరదీసినాడు. సాయంత్రం మీటింగుండాది, రేపు పోదాం అని బిడ్డ అంటానే ఉండాది. చేయి పట్టుకోని కారెక్కించినాడు."

"ఎంతసేపైంది?"

"గంట దాటింది."

శ్రీవాణి కళ్ళు వాకిలి పక్కనున్న వేపచెట్టు మీద పడ్డాయి. కింది కొమ్మకు పసుపుగుడ్డతో మూతి కట్టిన మట్టిముంత వేలాడుతోంది. ఇంట్లోకి తేకూడదని చెట్టుకు కట్టిన అస్థికల ముంత.

రాజ్యలక్ష్మమ్మ కూడా అటు చూసింది. పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, గోడకు ఆనుకుని, అట్లాగే కిందికి జారి కూర్చుంది.

వీధి మొగదల జనం అడ్డం పడి కదలనివ్వని జీపు ఇంకా ఆగే ఉంది. వెనక సీట్లో ఇద్దరు కానిస్టేబుళ్ళ మధ్య తేజేశ్వర్. చుట్టూ జనం కేకలు. శ్రీవాణి వాళ్ళను తోసుకుంటూ పోయి ఉమామహేశ్ చేయి పట్టుకుని పక్కకు లాగింది. బండ, గోడ, పంచె అంచు, నాలుగిళ్ళు, ముంత. నాలుగు ముక్కల్లో చెప్పింది. మొదటి మాటకు అతను విదిలించుకోబోయాడు. ముంత దగ్గరికి వచ్చేసరికి కదలకుండా నిలబడ్డాడు.

"ఫోన్ చెయ్" అన్నాడు. "స్పీకర్లో పెట్టు. నేనున్నట్టు తెలియనీయకు."

హరిత నంబరు చాలాసేపు మోగింది. ఎత్తింది మగగొంతు.

"చెప్పండి మేడం."

"సుధీర్‌గారూ, హరితతో ఒక మాట మాట్లాడాల."

"నిద్రపోతాంది మేడం. మూడు రోజులనుంచి కన్ను మూయలేదు కదా. నేనే పడుకోమన్నా." తొందర లేని, మర్యాదైన గొంతు.

"యాడున్నారు?"

"ఎమ్మిగనూరు దాటినాం. ఇంక మంత్రాలయం ఎంతసేపు, వచ్చేసినట్టే."

అతని మాటల వెనక ఇంకో శబ్దం ఉంది. సన్నగా మొదలై, చెవులు కోసేటంత పైకి లేచి, టక్కున ఆగి, మళ్ళీ మొదలవుతోంది. శ్రీవాణి అదేమిటో పోల్చుకోలేకపోయింది. కానీ ఎదురుగా ఉమామహేశ్ మొహంలో రంగు మారడం చూసింది. అతను చెయ్యి చాపి ఫోన్లో మ్యూట్ నొక్కాడు.

"అది రాయి కోసే మిషను" అన్నాడు గుసగుసగా. "నేను పుట్టి పెరిగింది బేతంచెర్లలో, ఆ సద్దులోనే. ఎమ్మిగనూరు దారిలో అట్లాంటివి యాడా లేవు. వాడు బేతంచెర్లలో ఉండాడు."

"మంత్రాలయానికి పూర్తిగా వేరే దిక్కు కదా. ఆడేం పని?"

"నాపరాయి తీసి వదిలేసిన క్వారీలుండాయి. ఒక్కొక్కటి ఈ గుంతకు రెండింతలు. నిండా నీళ్ళు." అంటూనే జీపు వైపు తిరిగి అరిచాడు. "తేజేశ్వర్‌ను దింపండి! బేతంచెర్ల స్టేషనుకు చెప్పండి, బండ్లన్నీ క్వారీల మీదికి పంపమనండి! శ్రీవాణీ, ఎక్కు!"

ఆమె అప్పటికే ముందు సీట్లో ఉంది. ఫోన్ ఇంకా చేతిలోనే ఉంది.

"హలో మేడం, వినపడతాందా?" అన్నాడు సుధీర్, అదే మర్యాదతో. "హరిత లేచింది. కారు దిగి, ఒకసారి నీళ్ళు చూసొస్తానంటాంది. నేను కూడా పోతాండా తోడు."

ఫోన్ ఆగిపోయింది.